మా అత్త నడుముకున్న గంట

మా మేనత్త పోయిన కబురు నాకు బడిలో అందింది. రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. మా ఊరి నుంచి సైకిలు మీద వచ్చిన మనిషి లోపలికి రాకుండా గడప అవతలే నిలబడి, "సారూ, మీయత్త పొద్దున్నే పోయినాది. మీ నాయన బిరీన రమ్మన్నాడు" అన్నాడు. పిల్లలు ఎక్కం మధ్యలో ఆపి నా మొహం చూశారు. అందరూ ఒక్కసారే చూశారు. "ఆపారెందుకు, చెప్పండి" అన్నాను. చెప్పారు. ఎక్కం పూర్తయ్యాక పలకలు సర్దించి, వాళ్ళను ఇళ్ళకు పంపించి, బడి తలుపు మూసి, వాకిట్లో కానుగ చెట్టు కిందున్న బండ మీద కూచున్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది. అది అయ్యేదాకా కూచుని, ఆ తర్వాతే సైకిలెక్కాను. ఆ అలవాటు ఆమె పెట్టిందే.

ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూచుంటే ఒళ్ళంతా బడలికగా ఉంది. చావు జరిగిన ఇంట్లో తిరిగిన బడలిక కాదిది, ఎన్నేళ్ళ నుంచో ఉన్నది. మబ్బు వంక చూసి చూసి మెడలు పట్టేసిన సీమలో పుట్టినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. ఆమె గురించి గొప్పలు రాస్తే ఆమెకే నచ్చదు. ఎవరైనా పొగిడితే, "వీడు ఏందో అడిగేదానికి వచ్చినాడు" అనేది. నాకిక అడిగేదేమీ మిగల్లేదు కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను.

మాది మడకశిర దగ్గర చిన్న ఊరు. సగం ఇళ్ళలో కన్నడం, సగం ఇళ్ళలో తెలుగు, తిట్టుకోవాల్సి వస్తే రెండూ. మాది గొర్రెలు కాసే ఇల్లు. మా నాయనకు ఈమె అక్క. భర్త పోయాక, పిల్లలు కూడా లేకపోవడంతో, తన వాటాకు వచ్చిన కొన్ని గొర్రెలను తోలుకుని పుట్టింటికి వచ్చేసింది. నేను అప్పుడు చిన్నబడిలో చదువుతున్నాను. ముందర ఆమె, వెనక గొర్రెలు, వాటన్నిటికీ ముందు, ఆమె పక్కనే, ఏడాది వయసున్న ఒక ఆడ గొర్రెపిల్ల. దాని మెడలో ఇత్తడి గంట. ఆమె ఏడుస్తూ వస్తుందని మా అమ్మ చేతిలో నీళ్ళ చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడింది. ఆమె ఏడవలేదు. చెంబు తీసుకుని సగం తాగి, మిగతా సగం ఆ గొర్రెపిల్లకు పట్టింది.

రాత్రిపూట గొర్రెలను తోలి ఉంచే చోటును మా వైపు రొప్పం అంటారు. చుట్టూ కంప నాటి, ఒక పక్క మాత్రం దారి వదిలి, రాత్రికి దానికీ ఒక కంప అడ్డం పెడతారు. మా రొప్పం వాకిట్లో, లోపలికి పోయే దారికి పక్కన, ఆమె ఒక రాయి వేయించింది. మోకాలెత్తు నల్లరాయి, పైన చదునుగా ఉంటుంది. ఎవరైనా కోపంతోనో, కంగారుతోనో, చెడ్డ కబురు విని వస్తేనో, ముందు దాని మీద కూచోవాలి. ఊపిరి నిమ్మళించాకే లోపలికి పోవాలి. ఇది ఆమె పెట్టిన కట్టుబాటు. గొర్రెలు కాసే మిగతా ఇళ్ళవాళ్ళు నవ్వేవారు, అయినా మా రొప్పానికి వస్తే మాత్రం కూచునేవారు.

ఒకసారి మా నాయన బావి దగ్గర నీళ్ళ వంతు గురించి ఎవరితోనో పోట్లాడి, ఎగరొప్పుతూ వచ్చి కంప పక్కకు లాగబోయాడు.

"ఆడ కూచో," అంది అత్త లోపలి నుంచే.

"నాకేం కోపం లేదక్కా."

"లేకుంటే కూచునేదానికేం నొప్పి?"

మా నాయన కూచున్నాడు. కాసేపు గొణిగాడు, కాసేపు తల గోక్కున్నాడు, తర్వాత నిజంగానే అలిసిపోయి మెత్తబడ్డాడు. అప్పుడు ఆమె బయటికి వచ్చి, "బెదురు గజ్జి మాదిరి అబ్బా. రాసుకుంటే అంటుకుంటాది. గజ్జికైతే మందుండాది" అంది. పశువుల డాక్టరు ఒకసారి దార్లో సైకిలు మీది నుంచి పడి, ఆ గుంతనూ ఆ రోడ్డునూ తిట్టుకుంటూ సూదిమందు వేయడానికి వచ్చాడు. ఆయన్నీ కూచోబెట్టింది. ఆయన మొదట విస్తుపోయి, తర్వాత నవ్వి, పంచె దులుపుకుని కూచున్నాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా చెప్పకుండానే కూచునేవాడు.

నేను పంతులుద్యోగంలో కొత్తగా చేరినప్పుడు రోజూ గొంతు బొంగురుపోయి ఇల్లు చేరేవాణ్ణి. నా తరగతిలో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కడుపునొప్పి అనేవారు. ఒకడు ఏడిస్తే పక్కవాడు ఏడ్చేవాడు. ఇవన్నీ బడి ఎగ్గొట్టే వేషాలని నా నమ్మకం. ఒక సాయంత్రం ఆమె అడిగింది.

"నువ్వు బడిలోకి ఎట్ల పోతాండావురా?"

"ఎట్లేముంది, సైకిలు మీద."

"అది కాదు. పోయేటప్పుడు నీ మొగం ఎట్లుంటాది?"

నేను నా మొహం చూసుకోలేదన్నాను. "వాళ్ళు చూస్తాండారు గదా, పొద్దున్నించీ," అంది. "ఆడ వాకిట్లో రాయి లేదా?" రాయి లేదు, నేనే ఒక బండ దొర్లించుకుని కానుగ చెట్టు కింద వేసుకున్నాను. కడుపునొప్పులు పూర్తిగా పోయాయని చెప్పను, పిల్లలు పిల్లలే. కానీ తగ్గాయి. నా గొంతు కూడా మిగిలింది.

అత్తతో వచ్చిన ఆ గొర్రెపిల్ల పెరిగి పెద్దదై ముసలిదయింది. అది ఒక్కసారీ ఈనలేదు, గొడ్డుది. దానికి పేరు లేదు, అందరం ముసల్ది అనేవాళ్ళం. మందకు ముందు నడిచేది అదే. దాని నడకలో తొందర ఉండదు. దార్లో కుక్క మొరిగినా, బస్సు హారన్ కొట్టినా, మిగతావి తలలెత్తి ముసల్దాని వంక చూసేవి. అది ఆ శబ్దం వంక ఒకసారి చూసి, ఇందులో తనకు పనేమీ లేదన్నట్టు మళ్ళీ నెమరేసుకునేది. వెంటనే మిగతావీ తలలు దించేవి. ఇదంతా నేను రోజూ చూసినా ఏనాడూ పట్టించుకోలేదు. పొద్దు గూకే వేళకు అత్త రొప్పంలో ముసల్దాని పక్కన కూచుని వక్కాకు నమిలేది. ఆమె దవడా, దాని దవడా ఒకే తీరున ఆడుతుంటే మా అమ్మ చూసి నవ్వేది. అది ఆమెకు మొగుడింటి నుంచి వచ్చిన గుర్తు, అందుకే అంత మమకారం అనుకునేవాళ్ళం.

తర్వాత ఆ కరువు వచ్చింది. మా సీమలో ఏ కరువు అని అడిగితే చెప్పడం కష్టం, ఒకదాని తోక ఇంకొకదాని నోట్లో ఉంటుంది. కానీ ఆ ఏడు చెనిక్కాయ చేలు, అంటే వేరుశెనగ, మొలిచీ మొలవకముందే మాడిపోయాయి. చెరువులో బురద కూడా ఎండి నెర్రెలిచ్చింది. గుట్టల మీద బోద గడ్డి కూడా లేదు. తుమ్మకాయలు రాల్చి తెచ్చి పెడుతున్నాం. మందలో సగానికి పైగా సూడి గొర్రెలు. అవి ఈనితేనే మాకు మరుసటి ఏడు అంటూ ఉంటుంది. ఈనకపోతే గొర్రెలు లేవు, ఉన్ని లేదు, కంబళ్ళు లేవు, మా నాయన కర్ర పక్కన పడేసి ఎక్కడికో కూలికి పోవాలి. అదే ఏడు నా భార్యకు నెలలు నిండుతున్నాయి, మొదటి కాన్పు.

కణేకల్ వైపు కాలవ నీళ్ళు వచ్చాయనీ, అక్కడ కోతలైన పొలాల్లో మేత ఉందనీ, పొలాల్లో మందను నిలిపితే ఎరువు కోసం రైతులు గింజలు కూడా పెడతారనీ ఎవరో చెప్పారు. ముందుగా చూసి మాట్లాడి వద్దామని అత్త బస్సెక్కి పోయింది. ఆమె లేని ఆ కొద్దిరోజుల్లోనే మా నాయన ఒక పని చేశాడు. సంతకు తోలుకుపోయి ముసల్దాన్ని కసాయికి అమ్మేశాడు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. కరువు వస్తే ముందు గొడ్డువాటినీ ముసలివాటినీ వదిలించుకోవడం గొర్రెల ఇళ్ళల్లో అందరూ చేసే పనే. దానికి పళ్ళు లేవు, పాలు లేవు, పిల్లల్లేవు, తుమ్మకాయలు మాత్రం మిగతావాటితో సమంగా కావాలి. తన చేతులతో ఆ పని చేయడానికి అక్కకు మనసొప్పదు, ఆమె లేనప్పుడు జరిగిపోతే ఆమెకే బాధ తప్పుతుందని కూడా ఆయన అనుకున్నాడు. మెడలోని గంట మాత్రం విప్పి తెచ్చి గోడకున్న మేకుకు తగిలించాడు. ఇత్తడిది కదా అని.

ఆ మర్నాడు మంద మేతకు బయలుదేరలేదు. రొప్పం దారి దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. తోస్తే ఉరికాయి. ఊరి బయట ఒక ఎండు కంప గాలికి దొర్లితే మంద మొత్తం చెల్లాచెదురైంది. ఇంతకు ముందు శబ్దం వినిపిస్తే ముసల్దాన్ని చూసేవి. ఇప్పుడు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి, చూసిన చోటల్లా బెదురే కనిపిస్తోంది. మా నాయన కర్ర పట్టుకుని అరుస్తూ వెంటబడ్డాడు. ఆయన అరిచేకొద్దీ అవి ఇంకా ఉరికాయి, అవి ఉరికేకొద్దీ ఆయన ఇంకా అరిచాడు. రాత్రిళ్ళు పడుకోవడం మానేసి ఒకదాని మీదొకటి ఒత్తుకుని మూలకు నిలబడుతున్నాయి. నెమరు ఆగిపోయింది. పెట్టిన కాస్త మేతా ఒంటికి పట్టలేదు. ఒకదానికి దగ్గు మొదలైతే వరసగా అన్నిటికీ పాకింది. ఒక పొద్దున ఒక సూడి గొర్రె నెలలు నిండకుండానే పిల్లను వేసేసింది. మర్నాడు ఇంకొకటి.

పశువుల డాక్టరు వచ్చి, రాయి మీద కూచుని, లోపలికి పోయి, ఒక్కొక్కదాని కళ్ళూ నోరూ పొట్టా చూశాడు. అంటురోగం జాడ కనిపించడం లేదన్నాడు. "మేత లేదు, నీళ్ళు లేవు. దానికి తోడు ఇవి బాగా బెదిరి ఉన్నాయి. బెదిరిన జీవానికి తిన్నది అరగదు, చిన్న జబ్బు కూడా గట్టిగా పట్టుకుంటుంది. ఏం జరిగింది ఇక్కడ?" అని అడిగాడు. ఏమీ జరగలేదన్నాడు మా నాయన. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు.

అత్త ఆ సాయంత్రమే బస్సు దిగి వచ్చింది. చేతిలో సంచి ఇంకా దించలేదు. రొప్పం దగ్గర నిలబడి లోపలికి చూసింది. మూలకు నక్కిన మందను చూసింది, నేల మీది మరకను చూసింది.

"గంట యాడబ్బా?" అంది.

మా నాయన గోడ వైపు చూపించాడు. అప్పుడు ఆయనకు అర్థమైంది, నాకూ అర్థమైంది. మేము గోడ వైపే చూస్తూ నిలబడ్డాం.

ఆమె పోయి రాయి మీద కూచుంది. ఆమె ఆ రాయి మీద అంతసేపు కూచోవడం నేనెప్పుడూ చూడలేదు. పొద్దు కుంకింది. మా అమ్మ దీపం పెట్టింది. మా నాయన ఆమె ముందుకు పోయి కింద కూచున్నాడు.

"అక్కా, నన్ను తిట్టు."

"తిడితే నీకు తేలికవుతాది."

"కానీలే, తిట్టు."

"నాకు పని పెరుగుతాది. తిట్లు తిన్న మొగంతో రేపు నువ్వు రొప్పంలోకి పోతావు. వద్దులే. నీ తప్పేం ల్యా. అది యాల ఉండాదో, దానితో పనేందో నేను నీకు ఎప్పుడూ చెప్పల్యా" అంది.

లేచి లోపలికి పోయి మేకుకున్న గంట తీసింది. నారతాడుతో దాన్ని నడుముకు కట్టుకుంది. రొప్పంలోకి పోయి ముసల్ది పడుకునే చోటనే కూచుని వక్కాకు నమలడం మొదలుపెట్టింది. గొర్రెలు ఆమె దగ్గరికి రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఇదేదో కథ అయితే గంట మోగగానే అన్నీ వచ్చి చుట్టూ పడుకునేవి. అలా ఏమీ జరగలేదు. ఇంకొకటి కూడా పిల్లను వేసేసింది. ఆమె కదలకుండా అక్కడే కూచునేది, అక్కడే తినేది, అక్కడే కంబళి కప్పుకుని పడుకునేది. లేచినప్పుడు మెల్లగా లేచేది. ఊళ్ళో కొందరు వచ్చి గంట కట్టుకున్న ఆడదాన్ని చూసి పోయారు. ఒకడు పిచ్చి అన్నాడు. "అవునప్పా, నాకు పిచ్చే. గమ్మునే చూసిపో, అరవద్దు" అంది.

ఆమె నడక కూడా మార్చుకుంది. "ముసల్ది నడిచే తీరుననే నడవల్ల. లేకుంటే గంట అబద్ధం చెప్తాది," అనేది.

ఇంట్లో సంగతి రొప్పం కంటే మెరుగ్గా ఏమీ లేదు. మా నాయన అన్నం మానేశాడు. సంగటి ముద్ద ముందు పెట్టుకుని కెలికి లేచిపోయేవాడు. ఆయన లేచిపోతే మా అమ్మ తినేది కాదు. వాళ్ళిద్దరూ తినకపోతే, కడుపుతో ఉన్న నా భార్య పళ్ళెం ముట్టుకోవడానికి సిగ్గుపడేది. ఆ పిల్ల మొహం పీక్కుపోయింది, రాత్రి నిద్ర లేదు. నాకు బడిలో పిల్లల మీద చేయి లేస్తోంది. ఎవరూ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు, అయినా దిగులు ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకింది. దాన్ని ముందు పసిగట్టింది కూడా అత్తే. ఒకరోజు రొప్పంలోంచి లేచి గంట చప్పుడుతో వంటింట్లోకి వచ్చి, మా నాయన ఎదురుగా కూచుంది.

"తినబ్బా."

"ఆకలి ల్యాక్కా."

"నీ ఆకలి ఎవురికి కావల్ల? నువ్వు తింటే నీ పెండ్లాం తింటాది. అది తింటే ఆ పిల్ల తింటాది. ఆ పిల్ల తింటే లోపలుండేది తింటాది. తిను."

మా నాయన కన్నీళ్ళు మింగుతూ తిన్నాడు. ఆమె చివరి ముద్ద దాకా కూచుంది. నా భార్య ఆ రోజు రెండోసారి పెట్టించుకుంది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఒక గొర్రె ఆమెకు కాస్త దూరంలో పడుకుంది. తర్వాత ఇంకొకటి. నెమరు మళ్ళీ మొదలైంది. ఇక ఆగితే మేత లేదని, మిగిలిన సూడి గొర్రెలతో కణేకల్ దారి పట్టాం. నాకు ఎండాకాలం సెలవులు, నేనూ వెంట నడిచాను. ముందు ఆమె, నడుముకు గంట. ఆమె వెనక మంద, చివర మా నాయన. ఆయన నోరెత్తకూడదని ఒప్పందం.

కళ్యాణదుర్గం దాటాక రోడ్డు మీద జరిగింది. తాడిపత్రి బండలు వేసుకున్న లారీ ఒకటి మందను దాటుతూ ఉండగా దాని టైరు పేలింది. తుపాకీ పేల్చినట్టు మోగింది. నా కాళ్ళే ఉరకబోయాయి. మంద మొత్తం ఒక్కసారిగా అదిరి, తలలెత్తింది. ఒక పక్క లారీ, ఇంకో పక్క లోతైన రాళ్ళ వంక. ఉరికితే సూడివి అక్కడే పడిపోతాయి. అన్నీ ముందుకు చూశాయి.

ఆమె ఆగలేదు. తిరిగి చూడలేదు. గంట మోగే తీరు ఇసుమంతైనా మారలేదు. ఇందులో తనకు పనేమీ లేదన్నట్టు ముసల్ది నడిచినట్టే నడిచిపోయింది. ముందున్న గొర్రె తల దించింది. దాని వెనకది దించింది. ఆ తల దించడం నా పక్క నుంచే మంద చివరి దాకా పోయింది. లారీ దాటిపోయాం.

నేను పక్కన నడుస్తున్నాను కాబట్టి చూశాను. కంబళి కింద ఆమె ఎడమ చేయి పిడికిలి బిగించి ఉంది. చేయి మొత్తం వణుకుతోంది. ఆ వణుకు గంటకు తగలకుండా ఆమె దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని నడుస్తోంది. ఆ రాత్రి మజిలీలో ఆమె తిన్నది వాంతి చేసుకుంది. ఎండ దెబ్బ అంది.

కణేకల్లో పచ్చి మేత దొరికింది. మిగిలిన సూడి గొర్రెలు అక్కడే ఈనాయి. అన్నీ కాదు, కానీ రొప్పం మళ్ళీ నిలబడడానికి చాలినన్ని. ఊళ్ళో నా భార్యకు ఆడపిల్ల పుట్టిందని మనిషి వచ్చి చెప్పాడు. మా నాయన కాలవ గట్టు మీద కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్త ఆయన్ని మందకు దూరంగా తీసుకుపోయి ఏడవనిచ్చింది.

ఆ గట్టు మీదే ఒక సాయంత్రం నేను అడిగాను. "అత్తా, టైరు పేలినప్పుడు నీకు భయం కాలేదా?"

"యాల కాలేదు?"

"మరి అట్ల ఎట్ల నడిచినావు?"

"ముసల్దాన్ని చూసి నేర్చుకున్న్యా," అంది. చాలాసేపు నమిలి, మళ్ళీ అంది. "మీ మామ పోయినప్పుడు నాకు అన్నం పోయేది కాదు, నిద్ర వచ్చేది కాదు. ఇంట్లో అందరూ నన్ను చూసి ఏడుస్తాండ్రి. నేను వాళ్ళను చూసి ఏడుస్తాంటి. రొప్పంలోకి పోతే ఇది ఒగటి గమ్మునే నెమరేసుకుంటాండె. దాని పక్కన పండుకుంటి. అది నమిలేది వింటా వింటా నాకూ ఆకలయ్యింది. అంతే."

అప్పుడు నాకు తెలిసింది, అది మందకు మాత్రమే ముందు నడిచింది కాదని. మమ్మల్నందరినీ నిమ్మళంగా ఉంచిన మనిషిని నిమ్మళంగా ఉంచింది అది. "మరి ఇప్పుడు నువ్వు ఎవర్ని చూస్తావత్తా?" అన్నాను. ఆమె లేచి గంట సర్దుకుని, "పొద్దుపోయింది, పద" అంది.

అప్పటి నుంచి గంట ఆమె నడుముకే ఉండిపోయింది. ఇంకో గొర్రెకు కట్టమని మా నాయన చాలాసార్లు అడిగాడు. ఇంకా ఏదీ అంత నిదానం కాలేదనేది. కడుపులో మంట మాత్రం పెరిగింది. వక్కాకు మానింది, కారం మానింది, తర్వాత తర్వాత సంగటి కూడా మానింది. మడకశిర ఆసుపత్రిలో డాక్టరు చూసి, కడుపులో పుండు పడిందనీ, మనసులో దిగులు పెట్టుకోవద్దనీ చెప్పాడు. ఆమె బస్సులో వస్తూ ఆ మాట తలచుకుని నవ్వింది.

"దిగులు పెట్టుకోవద్దంట. యాడ పెట్టుకోవల్లరా దాన్ని? ఇంట్లో పెట్టేదానికి ల్యా, రొప్పంలో పెట్టేదానికి ల్యా."

నేను కూడా నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే చాలా అలసటగా ఉంటుంది. మేమందరం ఆమె మొహం చూసి అన్నం తిన్నాం, నిద్రపోయాం, పిల్లల్ని కన్నాం. ఆమెకు మేం ఏం బాకీ ఉన్నామో అడిగితే విసుక్కునేది. నా మటుకు ఆమె వల్లనే బతికిన ఇల్లు ఇది.

నేను ఊరు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళు నడుముకున్న గంట విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక రొప్పం వాకిట్లో రాయి మీద పెట్టారు. వక్కాకు మానినా ఆ వక్కల సంచి మాత్రం ఆమె దగ్గరే ఉండేది, దాన్ని కూడా గంట పక్కనే పెట్టారు. మధ్యాహ్నానికి ఆమెను సాగనంపి, స్నానాలు చేసి వచ్చాం. వచ్చేసరికి మంద రొప్పంలో ఒక మూలకు ఒత్తుకుని నిలబడి ఉంది. పొద్దున్నుంచీ ఏడుపులు విన్నాయి, గంట వినలేదు. ఒక్కదాని దవడా కదలడం లేదు. వాటిలో మళ్ళీ సూడివి ఉన్నాయి.

మా నాయన అది చూసి నిలబడిపోయాడు. తర్వాత గంట చేతిలోకి తీసుకుని రాయి మీద కూచున్నాడు. ఆయన ఊపిరి నిమ్మళించడానికి చాలాసేపు పట్టింది. ఒకసారి లేవబోయి, ఇంకా కాలేదని ఆయనకే తెలిసి మళ్ళీ కూచున్నాడు. చివరికి తడి తుండు నడుముకు బిగించి, దానికి గంట కట్టుకుని, కంబళి కప్పుకుని, ఎన్నడూ లేనంత మెల్లగా లోపలికి నడిచి ఆమె చోట కూచున్నాడు.

గొర్రెలన్నీ తలలెత్తి ఆయన్ని చూశాయి. ఆయన మొహం బాగానే నిలుపుకున్నాడు. కంబళి అంచు కింద మాత్రం ఆయన పిడికిలి బిగించి ఉంది. నేను నిలబడిన వైపుకు అది కనిపిస్తోంది.

నేను రాయి మీద కూచున్నాను. నా ఊపిరి కూడా తొందరగా దారికి రాలేదు. వచ్చాక సంచి తీసుకుని లోపలికి పోయి, మా నాయన ఎదురుగా, ఆయన చూపు ఆనే చోట కూచున్నాను. నాకు అలవాటు లేకపోయినా సంచి అడుగున మిగిలిన వక్కపలుకు ఒకటి నోట్లో పెట్టుకుని, ఆమె నమిలినంత నిదానంగా నమలడం మొదలుపెట్టాను. మా నాయన నా మొహం వంక చూశాడు. చూస్తూ ఉన్నాడు. కొంతసేపటికి ఆయన చేయి నేల మీదికి వదులుగా జారింది.

మూలనున్న మందలోంచి ఒక గొర్రె రెండడుగులు ఇవతలికి వచ్చి, ముందు కాళ్ళు మడిచి పడుకుంది. దాని దవడ ఒకసారి పక్కకు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది.